పిరికి పిన్ని

ఆ వీధిలో వాళ్లకి అది దెయ్యాల కంపెనీ. బోర్డు మీద ఇంకేదో పేరుంది గానీ, దాన్ని చదివిన పాపాన పోయినవాడు లేడు. కింద బట్టలు కుట్టే కొట్టు, పైన మూడు గదులు. మొదటి గదిలో ఓనరు, రెండో గదిలో విగ్గులు, ప్లాస్టిక్ పుర్రెలు, రక్తం డబ్బాలు, మూడో గదిలో పెద్ద తెర. ఈ మూడింటినీ ఊడ్చి, తుడిచి, అందరికీ టీ కాచి పోసేది పిన్ని. పుర్రెల దుమ్ము దులపాలంటే కళ్లు గట్టిగా మూసుకుని, మొహం పక్కకి తిప్పుకుని, ఆమడ దూరం నుంచి గుడ్డ విసిరేది. బల్లి కనబడితే కేక. కరెంటు పోతే కేక. పోయిన కరెంటు తిరిగొస్తే ఇంకో కేక.

అందుకే ఆవిడ పిరికి పిన్ని అయింది. అందుకే తెర గదిలో ఆవిడకో కుర్చీ కూడా దక్కింది.

సంగతేంటంటే, ఆ కంపెనీ మొదట్లో తీసిన సినిమాలకి జనం పడీపడీ నవ్వారు. దెయ్యాన్ని చూసి జనం నవ్వితే ఓనరుకి ఏడుపే కదా. అలాంటి రోజుల్లో, తెర గదిలో కొత్త సినిమా చూసుకుంటుంటే, టీ కప్పుల కోసం లోపలికొచ్చిన పిన్ని తెర వంక చూసి, ట్రే గాల్లోకి వదిలేసి, ఓనరు ఒళ్లో పడ్డంత పని చేసింది. కప్పులు పగిలాయి గానీ ఓనరు బుర్ర వెలిగింది. ఎడిటర్ని పిలిచాడు. అతన్నందరూ కత్తెర అంటారు. పిన్ని అదిరిన చోటల్లా ఉంచి, అదరని చోటల్లా కోసి పారేశాడు కత్తెర. సినిమా దున్నేసింది.

ఆనాటి నుంచి ఏ సినిమా అయినా ముందు పిన్ని చూడాల్సిందే. పిన్ని కాళ్లు పైకి లాక్కుని కుర్చీలో ముద్దలా ముడుచుకుందా, సీను పాసు. కాళ్లు నేలమీదే ఉన్నాయా, డైరెక్టరు కొంప మునిగినట్టే. పెద్దపెద్ద చదువులు చదివిన డైరెక్టర్లు తెర మానేసి పిన్ని కాళ్ల వంక చూస్తూ కూర్చునేవారు.

సినిమా ఉన్న రోజు బాబాయ్ వచ్చి మెట్ల కింద నిలబడేవాడు. మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే మనిషి. పెళ్లాం ఒక్కత్తీ ఇంటిదాకా నడవలేదని ఆయనకి తెలుసు.

"ఇవాళ ఎన్ని దెయ్యాలే?"

"ఒక్కటే. కానీ గట్టిది."

"నాకంటేనా?"

"నీకు నెత్తిన నాలుగు వెంట్రుకలు లేవు. దానికి నడుం దాకా జుట్టు."

ఇంటికెళ్లాక పిన్ని స్నానం చేస్తుంటే ఆయన తలుపు బయట నిలబడి పాడుతూ ఉండాలి. గొంతు గాడిద గొంతే, అయినా పాడాలి. పాట ఆగితే లోపల్నుంచి "ఉన్నావా?" అని కేక.

"చచ్చాను!" అనేవాడు బాబాయ్. అప్పట్లో అది జోకే.

ఒక మధ్యాహ్నం బాబాయ్ తన కొట్లో మిక్సీ విప్పి, స్క్రూడ్రైవరు చేతిలో ఉండగానే ముందుకి వాలిపోయాడు. కునుకు తీస్తున్నాడనుకుని పక్క కొట్టువాడు చాలాసేపు లేపలేదు. ఇంటినిండా జనం ఏడుస్తుంటే ఒకావిడ గుమ్మంలో నిలబడి, "ఇలాంటప్పుడు అడక్కూడదు గానీ, మా మిక్సీ..." అని నసిగింది. పిన్ని లేచి, కొట్టుకెళ్లి, మిక్సీ వెతికి తెచ్చి ఆవిడ చేతిలో పెట్టి, మళ్లీ వచ్చి శవం పక్కన కూర్చుంది. "మూత దొరకలేదమ్మా, ఏమనుకోకు" అని కూడా అంది.

తర్వాత పనిలోకొచ్చిన పిన్ని, పిన్నిలా లేదు. పుర్రెల్ని ఒళ్లో పెట్టుకుని, కంటి గుంటల్లో వేలు పెట్టి మరీ తుడుస్తోంది. కత్తెరకి అనుమానం వచ్చింది.

"పిన్నీ, నీ భుజం మీద బల్లి!"

"ఉండనీ బాబూ. దానికీ ఓ చోటుండాలిగా."

ఇంతలో కొత్త సినిమా తయారైంది. మొదటి సగం చూపించారు. పిన్ని ప్రతి దెయ్యానికీ లెక్కతప్పకుండా కేక పెట్టింది. ఓనరు మురిసిపోయాడు. కత్తెర మాత్రం కాళ్లు చూశాడు. ఒక్కసారి కూడా నేల వదల్లేదు. టీ పొయ్యి దగ్గర ఆవిడని పట్టుకున్నాడు.

"నటిస్తున్నావు పిన్నీ."

"నటిస్తే తప్పేంటి? మీ హీరోయిన్ చేసేదేంటి?"

"హీరోయిన్ నటన జనం నమ్ముతారు. నీ నటన ఓనరు నమ్ముతాడు. ఆ తర్వాత జనం నవ్వుతారు. ఆ కుర్చీ ఎందుకు నీకు, చక్కగా టీ పెట్టుకోక?"

పిన్ని గిన్నె తోముతూనే ఉంది. "భయం వేస్తే ఆయన కింద నిలబడి ఉన్నట్టుంటుంది బాబూ. ఎంత చూసినా వెయ్యట్లేదు. ఆ రెండో సగం కూడా చూడనివ్వు. ఒక్కసారి వేస్తే చాలు."

కత్తెర ఓనరుకి ఏమీ చెప్పలేదు.

రెండో సగంలో, చనిపోయిన మొగుడు తిరిగొస్తాడు. వానలో నిలబడి తలుపు కొడతాడు. లోపల హీరోయిన్ వణికిపోతూ తలుపుకి బల్ల అడ్డం జరుపుతుంది. బయట్నుంచి గొంతు, "నేనే... తలుపు తియ్యి." తీసిన డైరెక్టరే గుటక మింగాడు. ఓనరు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు.

పిన్ని లేచి నిలబడింది.

"తియ్యవే! ఎంత దూరం నుంచి నడిచొచ్చాడో ఏమో! బల్ల అడ్డం పెడతావేంటే, నీ బల్ల తగలెయ్యా! తడుస్తున్నాడే, తియ్యి!"

"పిన్నీ, అది దెయ్యం!" అన్నాడు డైరెక్టరు. "మొహం చూడు, సగం లేదు!"

"అయితే ఏం? మిగతా సగం ఉందిగా!"

లైట్లు వేశారు. ఎవ్వరూ నవ్వలేదు. ఓనరు కళ్లజోడు తీసి తుడిచాడు, మళ్లీ తుడిచాడు.

"రేపట్నుంచి నువ్వు చూడొద్దులేమ్మా. బొద్దింకని చూసి బల్లెక్కే గుమాస్తా ఉన్నాడు, అతన్ని కూర్చోబెడతాం."

"నేర్చుకుంటాను బాబుగారూ. భయపడతాను."

"అది నేర్చుకుంటే వచ్చేది కాదమ్మా."

"అయితే ఆ ముక్క ఇంకొక్కసారి వెయ్యమనండి."

ఓనరు కత్తెరకి సైగ చేసి, డైరెక్టర్ని తీసుకుని బయటికెళ్లిపోయాడు. కత్తెర లైట్లార్పి ఆ ముక్క వేశాడు. బల్ల జరిపే ముందే ఆపేశాడు. తెరమీద తలుపు, దాని అద్దంలోంచి సగం మొహం.

"అలాగే ఉంచు బాబూ" అంది పిన్ని. కుర్చీని తెర దగ్గరికి లాక్కుని, గొంతు తగ్గించి, "మూత ఎక్కడ పెట్టావు? ఆవిడ రెండుసార్లు వచ్చి అడిగింది" అంది.

ఇన్నేళ్లుగా దెయ్యాల్ని ముక్కలు కోసిన కత్తెరకి వెన్నులో చలి పుట్టింది. మెల్లిగా బయటికొచ్చాడు. తలుపు మూయడానికి చెయ్యి రాలేదు.