జానకీదేవి తోమిన తుపాకి

వాసుదేవరావు గారికి తుపాకులంటే ప్రాణం, చప్పుడంటే భయం. అమెరికా స్వాతంత్ర్య దినమైన జూలై నాలుగున వాళ్ళుండే మోరిస్‌విల్‌లో బాణసంచా మొదలుకాగానే కిటికీలన్నీ మూసి టీవీ సౌండు పెంచుతారు. మత్తు డాక్టరుగా పనిచేసి రిటైరయ్యాక ఆయనకి పట్టుకున్న వ్యాపకం, పాత అమెరికన్ షాట్‌గన్‌లూ రైఫిళ్ళూ చూసి అవి ఎవరు చేసినవో, ఏ కాలానివో చెప్పడం. సొంతానికి ఒక్కటీ లేదు. ఇంతవరకూ ఒక్కటీ పేల్చలేదు.

పార్టీల్లో ఎవరైనా కదిపితే చాలు.

"తుపాకి మీద ఉన్న పేరు చూసి మోసపోకూడదండీ. అప్పట్లో హార్డ్‌వేర్ షాపులవాళ్ళు ఫ్యాక్టరీకి ఆర్డరిచ్చి తమ పేర్లు కొట్టించుకునేవాళ్ళు. మనింట్లో స్టీలు గిన్నె మీద 'మేనమామ కానుక' అని ఉంటుంది. గిన్నె చేసింది మేనమామా?"

వినేవాళ్ళు నవ్వుతారు. తర్వాత పేటెంటు తేదీల సంగతి మొదలవుతుంది. గొట్టం మీదున్న పేటెంటు సంవత్సరం తుపాకి పుట్టిన సంవత్సరం కాదు, అంతకు ముందు పుట్టలేదని మాత్రమే దానర్థం. ఈ మాట పూర్తయ్యేలోగా అందరూ ప్లేట్లు పట్టుకుని బిర్యానీ వైపు జరిగి ఉంటారు.

ఆయన నియమాల్లో మొదటిది, పాత తుపాకిని తోమకూడదు. మురికీ, తుప్పూ, చేతి జిడ్డూ అన్నీ సాక్ష్యాలే. పైగా తోమితే విలువ పోతుంది.

అక్టోబరులో పక్కింటి కర్టిస్ తన తాతగారి రెండు గొట్టాల షాట్‌గన్ తెచ్చాడు. పూరేడు పిట్టల సీజనుకి దాన్ని తీసుకెళ్ళాలని అతని కోరిక. ముందు ఆ శనివారం బావ ఫార్మ్‌లో పేల్చి చూస్తాడట.

"డాక్, పేల్చాక నా చేతులు నాకుంటాయా?" అన్నాడు నవ్వుతూనే.

అడగవలసిన ప్రశ్నే. పందొమ్మిదో శతాబ్దంలో చాలా గొట్టాలను ఇనుప, ఉక్కు పట్టీలు మెలిపెట్టి, కడ్డీకి చుట్టి, కాల్చి అతికించి చేసేవారు. పాతకాలపు నల్ల తుపాకిమందు కోసం చేసినవి అవి. ఇప్పటి తూటాల ఒత్తిడికి ఏదో ఒక అతుకు విడిపోతే, గొట్టం కింద పట్టుకున్న చెయ్యి పోతుంది. తర్వాత వచ్చిన అతుకుల్లేని ఉక్కు గొట్టాలతో ఆ బెడద లేదు.

వాసుదేవరావు గారు టార్చి వేసి చూశారు. గొట్టాలు నున్నగా, నీలం కలిసిన నలుపుగా ఉన్నాయి. కిందున్న చెక్క ఊడదీసి అక్కడా చూశారు. మడ్డి గట్టిగా పేరుకుని ఉంది. నియమం ప్రకారం దాన్ని ముట్టుకోలేదు.

"ఉక్కే. పందొమ్మిది వందల పది ప్రాంతంది. పేల్చుకో."

సంవత్సరం ఇంకా కచ్చితంగా తేలుస్తానని విడదీసిన తుపాకిని గరాజ్‌లోనే ఉంచుకున్నారు.

శుక్రవారం దసరా. మధ్యాహ్నం ఆయన గరాజ్‌లోకి వెళ్తే టేబుల్ మీద చెక్క భాగాలున్నాయి, గొట్టాలు లేవు. అవి దేవుడి గదిలో భార్య వేసిన పీట మీద ఉన్నాయి, కుంకుమ బొట్లతో.

"జానకీ! ఏం చేశావు వీటిని?"

"చింతపండూ ఉప్పూ వేసి తోమాను. ఏం పూశారో గానీ ఓ పట్టాన వదల్లేదు."

"తోమావా?"

"ఇన్నేళ్ళూ ఆయుధపూజకి కూరగాయల కత్తీ, కారు తాళాలూ, మీ స్టెతస్కోపూ పెట్టాను. ఇన్నాళ్ళకి ఇంటికో ఆయుధం వచ్చింది. మడ్డి పట్టినదానికి బొట్టు పెట్టమంటారా?"

"అది నూరేళ్ళ మురికి!"

"మీ గరాజ్‌లో ఇంకా బోలెడుంది. కావాలంటే పూసివ్వండి."

ఆయన గొట్టాన్ని కిటికీ దగ్గరకు తీసుకెళ్ళారు. నలుపు పోయిన చోటల్లా తెలుపూ బూడిదరంగూ కలిసిన మెలికలు, వేలిముద్రల్లా, ఈ చివరనుంచి ఆ చివరదాకా. మెలిపెట్టిన పట్టీలే. ఎవరో తర్వాతి కాలంలో కొత్తదిలా కనపడాలని పైన నలుపెక్కించారు.

"డిజైను బాగుందే," అంది జానకీదేవి. "మొహం అలా పెట్టారేం?"

"కర్టిస్‌ని పేల్చుకోమన్నాను."

ఆవిడ నవ్వు ఆగిపోయింది. "ఫోన్ చేయండి."

"తుపాకి మన దగ్గరే ఉందిగా. ఎలా చెప్పాలో ఆలోచించుకోనీ."

సాయంత్రం కర్టిస్ చొక్కా జేబులో రెండు ఎర్ర తూటాలతో తుపాకి కోసం వచ్చేదాకా ఆలోచించారు. అతన్ని గుమ్మంలోనే నిలబెట్టి, ఇనుము మెలిపెట్టే పద్ధతి యూరప్ నుంచి అమెరికాకు ఎలా వచ్చిందో చెప్పడం మొదలుపెట్టారు.

"ముందు అసలు సంగతి చెప్పండి," అంది జానకీదేవి తెలుగులో. "అతను మర్యాదకి వింటున్నాడు."

వాసుదేవరావు గారు ఆగారు.

"దీన్ని పేల్చకు, కర్టిస్. నేను తప్పు చెప్పాను."

"ఉక్కు అన్నారుగా?"

"అన్నాను. కాదు. మా ఆవిడ తోమింది, అప్పుడు తెలిసింది. తోమినందుకూ సారీ."

కర్టిస్ ఆయన చేతిలోని గొట్టం అందుకుని మెలికల మీద బొటనవేలు నడిపించాడు. "మా తాత జీవితమంతా దీంతోనే వేటాడాడు."

"ఆయన తూటాలు వేరు. వేరు కాకపోతే ఆయన అదృష్టవంతుడు. నువ్వు మాత్రం పరీక్షించకు."

కర్టిస్ జేబులోంచి తూటాలు తీసి అరచేతిలో కాసేపు ఆడించాడు. "అంటే ఈ సీజనంతా మా బావ తుపాకి అడుక్కోవాలి. క్రిస్మస్ దాకా దెప్పుతాడు." తూటాలు మళ్ళీ జేబులో వేసుకున్నాడు. "పోనీ, ఎప్పటిది ఇది?"

వాసుదేవరావు గారు ఒంగి గొట్టాన్ని ఇంకోసారి చూశారు.

"తెలీదు. మొదటినుంచీ చూడాలి."

"లోపలికి రా, కర్టిస్," అంది జానకీదేవి ఇంగ్లీషులో. "ఈయన తెలీదనడం నేనూ ఇదే మొదటిసారి వినడం. కాఫీ తాగి వెళ్ళు."