తలుపు పట్టని స్టేషన్ మాస్టర్

1979 జనవరిలో నంద్యాల స్టేషన్‌కు నడిచి వెళ్లేంత దూరంలో ఒక రేకుల షెడ్డు అద్దెకు తీసుకుని, రైల్వే నమూనా కట్టడాల కిట్లు తయారు చేసే పని మొదలుపెట్టాను. అంతకుముందు ఒక ఇంజనీరింగ్ ఆఫీసులో ట్రేసర్‌గా ఉండేవాణ్ణి. ఇంజనీర్లు గీసిన ప్లాను మీద పలుచని కాగితం పరిచి, దాన్ని సిరాతో మళ్లీ గీసేవాణ్ణి ట్రేసర్ అంటారు. చిన్న స్టేషన్లు, సిగ్నల్ క్యాబిన్లు, గేటుమన్ గదులు గీసీ గీసీ, ఏ గోడ ఎంత మందమో కళ్లు మూసుకుని చెప్పే స్థితికి వచ్చాను. ఆ విద్యతో సొంతంగా బతకవచ్చనిపించి ఉద్యోగం మానేశాను.

ఈ వ్యాపారం సంగతి తెలిసినవాళ్లు నన్ను కలిస్తే మొదట అడిగేది ఒకటే కథ. ఆళ్లగడ్డ శిల్పి ఒకాయన స్కేలు తెలియక స్టేషన్ మాస్టర్‌ని స్టేషన్ తలుపు కంటే పొడుగ్గా చేశాడన్న కథ. దాన్ని ఊరూరా చెప్పింది నేనే. ఈమధ్య ఈ అభిరుచి ఉన్నవాళ్ల సంచికలో అచ్చయింది కూడా. నవ్వవలసిన కథే. కానీ ఎవరిని చూసి నవ్వాలో ఆ మనిషి మారిపోయాడు. ఆళ్లగడ్డలో శిల్పం పని చేసేవాళ్లకు పేరంటే కొలత తెలిసినవాడన్న పేరే. అది పోతే ఉలి చేతిలో ఉన్నా పని దొరకదు. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ముందు కిట్ అంటే ఏమిటో చెప్పాలి. ఒక అట్టపెట్టెలో స్టేషన్ గోడలు, తలుపులు, కిటికీలు, పైకప్పు, ప్లాట్‌ఫారం విడివిడి ముక్కలుగా ఉంటాయి. కొన్నవాళ్లు జిగురుతో అతికించుకుని తమ బొమ్మ రైలు పట్టాల పక్కన నిలబెట్టుకుంటారు. అన్నీ అసలులో ఎనభై ఏడో వంతు ఉండాలి. ఏడడుగుల తలుపు మా దగ్గర అంగుళం కూడా ఉండదు. గోడలకు గట్టి అట్ట, తలుపులకు పలుచని టేకు రేకు వాడేవాళ్లం. ప్లాట్‌ఫారం నేలకు మాత్రం మాదైన ఉపాయం ఒకటుండేది. బేతంచెర్లలో నాపరాళ్లకు పాలిష్ పట్టేచోట పేరుకునే బురదను తెచ్చి, ఎండబెట్టి, గుడ్డలో జల్లించి జిగురు మీద చల్లితే నిజం బండలు పరిచినట్టే ఉండేది.

ఆ బురద మూటలు మోసుకొచ్చేది మహబూబ్ బాషా. దర్వాజాలు, కిటికీలు చేసే వడ్రంగుల ఇంట్లో పుట్టినవాడు. సన్నరంపంతో గోరంత కిటికీ కోయడం ఆర్నెల్లలో నేర్చుకున్నాడు.

"బేతంచెర్ల పోయినోళ్లందురూ బండలు తెచ్చుకుంటాంటే నేను బురద తెస్తాండా అన్నా," అనేవాడు. "మా మామ అడిగితే ఏం చెప్పల్ల?"

మా సరుకంతా మద్రాసు వర్తకుడొకాయన తీసుకుని విదేశాలకు పంపేవాడు. ఆ ఏడు ఆయన కొత్తగా ఒక కోరిక కోరాడు. మనుషులు లేని స్టేషన్ మూతపడిన స్టేషన్‌లా ఉంది, పెట్టెకు ఐదుగురు బొమ్మ మనుషుల్ని కూడా పెట్టండి అన్నాడు. దసరాకు రెండు వందల పెట్టెలు సిద్ధం కావాలి. ఆయన మనిషి వచ్చి చూసి ఒప్పుకుంటే ఏటేటా ఆర్డరు, ఒప్పుకోకపోతే అదే ఆఖరు. ఆఖరైతే నేను మళ్లీ ట్రేసింగ్ బల్ల ముందుకు, బాషా మళ్లీ దర్వాజాల పనికి వెళ్లాలి.

బొమ్మ మనుషుల కోసం ఆళ్లగడ్డ వెళ్లాను. అక్కడ రాతిపని ఇళ్లు ఎక్కువ. వాళ్లలో ఓబులాచారి మాత్రం రాతి దుమ్ము పడక కర్రపనికి మళ్లినవాడు. యాభై ఏళ్లుంటాయి. గుళ్లకు వాహనాలు చెక్కేవాడు. నా పేరు దానియేలు అని చెబితే దానేలు అని పలికాడు. నేను ఐదు ఫోటోలు ఇచ్చాను. స్టేషన్ మాస్టర్, అసిస్టెంట్ స్టేషన్ మాస్టర్, గార్డు, పాయింట్స్‌మన్, పోర్టర్. పాయింట్స్‌మన్ అంటే బండి ఏ పట్టాల మీదికి పోవాలో దగ్గరుండి మార్పించేవాడు. ఆళ్లగడ్డకు రైలు లేదు కాబట్టి ఎవరి పని ఏమిటో ఆయనకు వివరించాను. ఆ ఫోటోలు ఒక్కొక్కరినీ విడిగా నిలబెట్టి తీసినవి. మనుషుల్ని పక్కపక్కన నిలబెట్టి చూస్తే తప్ప ఎవరెంత పొడుగో తెలియదు.

ఆయన ఫోటోలు నేలమీద వరసగా పేర్చాడు.

"కొలత చెప్పప్పా. మనిషి ఎంతుండల్ల?"

"ఇంత," అని బొటనవేలి మొదటి కణుపు చూపించాను. "సరైన కొలత రాసి పంపిస్తాలే ఆచారీ."

"పంపీ. సరే, వీళ్లల్లో మూలవిరాట్టు ఎవరు?"

నేను నవ్వి, స్టేషన్ మాస్టర్ అనుకో అన్నాను. మిగిలినవాళ్లు ఎవరి తర్వాత ఎవరో కూడా వరసగా చెప్పాను. ఆఫీసులో పనిచేసినవాణ్ణి, హోదాల వరస చెప్పడం నాకు సరదా.

"మా లెక్క ఇదప్పా," అన్నాడు ఆయన. "నడిమి సామి ఎంతో, పక్కనోళ్లు ఆయన భుజానికి రావల్ల. కాళ్లకాడ ఉండేటోళ్లు మోకాలికి రావల్ల. ఈ మూటల మనిషి పాపం బరువులు మోస్తాడంటివి. మోకాలు బాగుండదు, నడుముకు తెస్తా. అట్ల చేయల్లనా?"

"అట్లే కానీ," అన్నాను. వీధి చివర నంద్యాల బస్సు హారన్ కొడుతోంది.

ఆ కొలత నేను పంపలేదు. వానలు మొదలై, చెమ్మకు టేకు రేకులు వంకర తిరిగిపోవడంతో మేమిద్దరం పైకప్పుల గొడవలో పడ్డాం. నెల తర్వాత ఓబులాచారి నమూనాలు పంపాడు, అగ్గిపెట్టెలో దూది పరిచి. అంకుడు కర్రతో చెక్కిన ఐదుగురు. కోటు గుండీలు, గార్డు చేతిలో చుట్టిన జెండా, పోర్టర్ తలమీద చుట్టగుడ్డ, అన్నీ కనిపిస్తున్నాయి. వరసలో నిలబెడితే కొలువు తీరినట్టున్నారు. నాకు ముచ్చటేసింది. అప్పుడు స్టీలు స్కేలు నా బల్లమీదే ఉంది. తీసి కొలవలేదు. బాగున్నాయి, పోత పోయించమని కబురు పంపాను. కర్రబొమ్మకు అచ్చు తీసి, కరిగిన సీసం పోసి, ఆకురాయితో నున్న చేసే పని ఆళ్లగడ్డలో ఆయన ఇంటివాళ్లే చేశారు. బొమ్మలు అక్కడ, స్టేషన్లు ఇక్కడ తయారవుతున్నాయి. రెండూ కలిసింది పెట్టెల్లో సర్దేటప్పుడే. అప్పటికి గోడలు ఇంకా ముక్కలుగానే ఉంటాయి కాబట్టి తేడా కనిపించదు.

పరీక్షకు వచ్చినాయన పేరు వరదన్. మద్రాసు మనిషి, తక్కువ మాట్లాడేవాడు. పద్ధతి ఏమిటంటే, పేర్చిన పెట్టెల్లోంచి తనకు తోచినది లాగి, మేము సాయం చేయకుండా, మేమిచ్చిన సూచనల కాగితం చూసుకుంటూ తానే కట్టాలి. ఆ రోజు ఓబులాచారి కూడా వచ్చాడు. తన బొమ్మలు ఏ ఇంట్లో కాపురం పెడతాయో చూడాలని ఉందన్నాడు.

వరదన్‌ గారు నెమ్మదిగా గోడలు నిలబెట్టారు. తలుపు పెట్టారు. ప్లాట్‌ఫారం చూసి వేలితో తడిమి, బాగుందన్నట్టు తలూపారు. తర్వాత స్టేషన్ మాస్టర్‌ని తీసి తలుపు ముందు పెట్టారు. టోపీ తలుపు దాటి వెంటిలేటర్ దగ్గరకు వెళ్లింది. పోర్టర్‌ని టికెట్ కిటికీ దగ్గర పెట్టారు. అతని తల కిటికీ అడుగు పలకకు కూడా అందలేదు.

"ఈయన లోపలికి ఎలా వెళ్తాడు?" అని అడిగారు వరదన్ గారు.

"వంగి పోతాడేమో సార్," అన్నాడు బాషా.

ఎవరూ నవ్వలేదు. ఇన్ని నెలల పని ఆ తలుపు దగ్గర ఆగిపోయింది. అప్పుడు నేను ఇంగ్లీషులో చెప్పాను, ఇది పల్లెటూరి పనివాడు చేసిన పొరపాటు, ఈయనకు స్కేలు అంటే తెలియదు అని. ఓబులాచారి నా పక్కనే నిలబడి ఉన్నాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు. స్టేషన్ కట్టడం చూసిన సంతోషం ఇంకా ఆయన ముఖంలో ఉంది.

వరదన్ గారు ఆయన్ని ఒకసారి చూసి, కట్టడంలో తప్పు లేదు, మనుషుల్ని మార్చండి అని ఇంగ్లీషులోనే చెప్పి పదిహేను రోజుల గడువిచ్చారు. కారు ఎక్కేటప్పుడు మాత్రం ఆయన నవ్వు ఆపుకోలేకపోయారు.

"ఏమంటాడు ఆయప్ప?" అని అడిగాడు ఓబులాచారి.

"పొడుగు తగ్గించాలంట."

"ఈయప్పను తగ్గించల్లనా, మూటలాయన్ను పెంచల్లనా?"

"అందరూ ఒకే ఎత్తుండాల. ముప్పావు అంగుళం." ఈసారి రేకు ముక్కలో గాటు కోసి చేతికిచ్చాను. ఆ గాటులో పట్టినవాడే మనిషి.

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "అందురూ ఒకే ఎత్తా? అట్లయితే ఎవరు ఎవరికి మొక్కల్ల?"

"రైల్వేలో మొక్కడాలుండవు ఆచారీ."

"జీతమిచ్చేటోనికి గూడా మొక్కరా?" అన్నాడు.

గడువులోపలే కొత్త బొమ్మలు వచ్చాయి. పాత సీసం కరిగించి మళ్లీ వాడాం. పాత వరసలు నాలుగైదు మాత్రం మిగిలితే స్టేషన్‌లో పంచాను. అక్కడి మాస్టర్ గారు మురిసిపోయి తన వరసను బల్లమీద పెట్టుకున్నారు. పోర్టర్లలో ఒకాయన దాన్ని చూసి నన్ను పట్టుకున్నాడు. "మూటలు మోసి మోసి ఇంతకు కుంగిపోయినామనా నీ లెక్క?" అన్నాడు.

ఆర్డరు నిలిచింది. ఏటేటా వచ్చింది. కథ కూడా దాంతోపాటే పెరిగింది. వరదన్ గారు మద్రాసులో కొనేవాళ్లకు చెప్పేవారు. షెడ్డు చూడటానికి వచ్చినవాళ్లకు నేను చెప్పేవాణ్ణి. స్కేలు తెలియని శిల్పి అనేసరికి అందరూ పగలబడి నవ్వేవారు, నవ్వినవాళ్లు ఒక పెట్టె కొనేవారు. ఓబులాచారి ఏటా నాకు బొమ్మలు చేసి ఇస్తూనే ఉన్నాడు. ఏటా నేను ఆ కథ చెబుతూనే ఉన్నాను.

1983లో ఒక ఉదయం ఆయన కబురు లేకుండా షెడ్డుకు వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"దానేలప్పా, మొన్న అహోబిలం పోతా ఎవరో ఇద్దరు మా వీధిలో దిగినారు. కొలత తెలీని ఆచారి ఇల్లు యాడ అని అడిగినారంట. నంద్యాల్లో కిట్లు చేసే దానియేలు సార్ చెప్పినాడంట."

బాషా రంపం ఆపాడు.

"మా పక్క ఊర్లో గరుడవాహనం పని నాకే ఇస్తామనిరి. ఇప్పుడు గుడోళ్లు నీళ్లు నములుతాండారు. కొలత తప్పినోడు చేసిన వాహనమెక్కితే సామి పక్కకు ఒరుగుతాడంట. నేనేం తప్పు చేస్తినో చెప్పు. చేసింటే ఒప్పుకుంటా."

"నువ్వేం చేయలేదు ఆచారీ."

"ఆ మాట నాకెందుకప్పా, నాకు తెల్సు. ఆడికొచ్చి చెప్పు."

ఆయన తిరిగి వెళ్లే బస్సులోనే నేనూ ఆ ఊరికి వెళ్లాను. గుడి పెద్దలు నలుగురు, వాళ్లకు సలహా చెప్పే ముసలి స్థపతి ఒకాయన గుడి అరుగు మీద కూర్చుని ఉన్నారు. జరిగింది చెప్పాను. కొలత ఆయన అడిగాడని, నేను బొటనవేలు చూపించానని, వాళ్ల లెక్క నాకు విడమరిచి చెప్పి మరీ అనుమతి అడిగాడని, అట్లే కానీ అన్నది నేనేనని, నమూనాలు చూసి ఒప్పుకున్నదీ నేనేనని చెప్పాను.

స్థపతి శ్రద్ధగా విన్నాడు. "మీ పనిలో కొలబద్ద ఉండదా?"

"ఉంటుంది."

"ఆ పొద్దు యాడుండె?"

"నా బల్లమీదే."

"బల్లను కొలుచుకుంటాండెనేమోలే," అన్నాడు ఓబులాచారి.

అరుగు మీద అందరూ నవ్వారు. అంతవరకు బిగించుకుని ఉన్న ఓబులాచారి కూడా నవ్వాడు. స్థపతి పెద్దల వైపు తిరిగి తీర్పు చెప్పాడు. "ఈయప్ప కొలువు అడిగినాడు, మనోడు కొలువు చేసిచ్చినాడు. దాంట్లో కొలత తప్పలేదు." గరుడవాహనం పని ఓబులాచారికే ఇచ్చారు. తిరిగి వచ్చేటప్పుడు ఆయనే నన్ను బస్సు ఎక్కించి, వచ్చే ఏటి బొమ్మలకు రేటు పెంచమని అడిగాడు. పెంచాను.

కానీ మద్రాసుకు నేను ఏమీ రాయలేదు. ఆ కథతో సరుకు అమ్ముడుపోతోంది. శిల్పి తప్పు అయితే ముచ్చటగా ఉంటుంది, తయారీదారు తప్పు అయితే కొనేవాడు వెనకాడతాడు. వరదన్ గారు ఉన్నన్నాళ్లూ నేను చెప్పిన కథే చెప్పారు, నేను వింటూ ఊరుకున్నాను. 1988లో మద్రాసు వర్తకుడు ఆ సరుకు మానుకున్నాడు, మేము షెడ్డు ఖాళీ చేశాం. కథ మాత్రం మిగిలింది. ఆ గుడి అరుగు మీద సరిదిద్దింది అచ్చులో సరిదిద్దక ఇన్నేళ్లయింది.

ఇలాంటి పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది కొంచెమే. పని అప్పగించేవాడు కొలతను అంకెల్లో రాసి, కింద తన సంతకం పెట్టి ఇవ్వాలి. వచ్చిన నమూనాను ముచ్చటపడే ముందే కొలవాలి. ప్రతి పనివాడికీ తన పనిలోంచి వచ్చిన లెక్క ఒకటి ఉంటుంది, మీరు వేరే లెక్క ఇవ్వకపోతే అతను దాన్నే వాడతాడు, అది తప్పు కాదు. చేసేవాడు అడగలేదు కదా అని తప్పించుకోవడానికి కూడా నాకు వీల్లేదు. ఓబులాచారి అడిగాడు.