ఒకే బంతి కోసం ఖరగ్‌పూర్

అక్క ఫోన్ చేసి, "మీ బావ మూడ్రోజుల్నుంచి అన్నం ముట్టట్నేదే, ఓపాలి రాయే" అంది. ఒంట్లో బాగోలేదేమోనని కంగారుపడ్డాను. తీరా చూస్తే ఒళ్ళు బాగానే ఉందట, సిద్ధాంతానికి దెబ్బ తగిలిందట.

బావ ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరయ్యాడు. యూనియన్‌ నుంచి మాత్రం ఇంకా రిటైరవలేదు. పూరీ గేట్ దగ్గర రాములవారి గుడిలో ఏటా అన్నసంతర్పణ జరుగుతుంది, ఈసారి అది శనివారం. దాతలకి మొదటి బంతి, మిగతావాళ్ళకి రెండో బంతి. ఆ కమిటీకి పెద్ద కోటేశ్వరరావు గారు. గుంటూరు వైపు నుంచి వచ్చి బజార్లో బట్టల కొట్టు పెట్టుకున్న మనిషి, పైగా బావకి వియ్యంకుడు. దేవుడి అన్నానికి క్లాసులేంటని బావ గొడవ పెట్టుకుని, అందరికీ ఒకే బంతి వేసేదాకా అన్నం ముట్టనని ఒట్టేసుకున్నాడు. షుగరు మాత్రలు వేసుకుంటూ టీ, మరమరాలతో సరిపెడుతుంటే కళ్ళు తిరగవూ?

శుక్రవారం ఉదయం ఆరున్నరకి విజయనగరంలో రైలెక్కాను. బరంపురంలో ఇడ్లీ తింటూ పక్కన కూర్చున్న టెక్కలి ఆవిడకి సంగతంతా చెప్పాను. "దర్శనానికి వీఐపీ లైను ఉన్నాది కదమ్మా, అన్నానికుంటే తప్పేటి?" అందావిడ. అన్నట్టు ఆవిడకి రిజర్వేషన్ లేదు, నా సీటులో సగం ఆవిడదే. ఎదుటి సీట్లోని మందుల కంపెనీ ఆయన, అసలు బంతులే ఎత్తేసి బఫే పెట్టమన్నాడు. బాలాసోర్‌లో ముగ్గురం తలో ఝాల్‌మురీ, అదే కారం మరమరాల పొట్లం కొనుక్కున్నాం. పచ్చిమిరపకాయ తీసేయమని ముందే చెప్పుకోండి, నేను చెప్పలేదు.

సాయంత్రం అయిదున్నరకి దిగాను. సుభాష్‌పల్లిలో అక్కా వాళ్ళింటికి టోటోకి, అదే బ్యాటరీ ఆటోకి, ముప్ఫై రూపాయలు. బేరం తెలుగులో ఆడినా ఫరవాలేదు, ఇక్కడ చాలామందికి వచ్చు.

కాళ్ళు కడుక్కుని నేరుగా కోటేశ్వరరావు గారి కొట్టుకి వెళ్ళాను. ఆయన చెడ్డవారేం కాదు. ఇచ్చినవాడిని ముందు కూర్చోబెడితే మళ్ళీ ఇస్తాడు, అప్పుడే లేనివాడికి నాలుగు మెతుకులు దొరుకుతాయని ఆయన లెక్క. మనిషి పడిపోయేలా ఉన్నాడని చెప్పాక మెత్తబడి, నా ఎదుటే వంటవాడు మొంటూ దాదాకి ఫోన్ చేశారు. "కల్ ఏక్ హీ బంతి, దాదా. దో నహీ." అవతలినుంచి ఠీక్ ఆఛే అని వినిపించింది. ఇంత సులువైన పనికి మూడ్రోజులు పస్తులెందుకని నాకు గర్వమొచ్చింది.

మర్నాడు తొమ్మిదింటికి గుడికి వెళ్తే మొంటూ దాదా గుమ్మడికాయల గుట్ట పక్కన తల పట్టుకుని కూర్చున్నాడు. బెంగాలీలో కత్తిపీటని బోంటి అంటారు. మన బంతి ఆయన చెవికి బోంటిలా వినిపించింది. ఏటా రెండు బంతులంటే రెండు కత్తిపీటలే తెచ్చేవాడట. ఇంత పీనాసి కమిటీని ఎక్కడా చూడలేదని వాపోయాడు. ఈసారి ఒక్కటే తెచ్చాడు.

ఇక చూడండి. ఇళ్ళనుంచి చాకులు వచ్చాయి. కోటేశ్వరరావు గారు పట్టుపంచెతో నేలమీద చతికిలబడి, భోజనానికొచ్చిన ఓ టోటో డ్రైవరు పక్కన చిక్కుళ్ళు ఒలిచారు. దాతల భార్యలు గుమ్మడికాయల్ని మెట్టుకేసి కొట్టారు. బావ మాత్రం తాను సూపర్‌వైజ్ చేస్తానని నిలబడ్డాడు. అక్క చిక్కుళ్ళ బుట్ట తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

వంట దింపేసరికి రెండూ నలభై. అప్పటికి రెండు బంతులకి ఆగే ఓపిక ఎవరికీ లేదు. వరండా నుంచి గేటు దాకా అందరూ ఒకే వరసలో కూలబడ్డారు. వియ్యంకులిద్దరికీ పక్కపక్కనే విస్తళ్ళు పడ్డాయి. బావ వరసని ఆ కొసనుంచి ఈ కొసదాకా చూసుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అక్క కొంగుతో ముఖం తుడుచుకుంది.

తర్వాత బూరెలు వచ్చాయి. మనిషికి రెండు. బావ చెయ్యి వేసేలోగా అక్క వంగి, రెండూ తీసి అవతలి పక్కనున్న టోటో డ్రైవరు విస్తట్లో వేసింది. ఇదేం న్యాయం, అందరికీ సమానమే కదా అని బావ మొరపెట్టుకున్నాడు.

"మీ ఒంట్లో పంచదార ఎక్కువున్నాది" అంది అక్క. "ఎక్కువున్నోల దగ్గర తీసి లేనోలకి పెట్టీడమే కదేటి మీ సిద్ధాంతం?"

అందరికంటే ముందు నవ్వింది కోటేశ్వరరావు గారు.

ఆదివారం తిరుగు రైలెక్కించడానికి బావే స్టేషన్‌కి వచ్చాడు. రెండు రోజుల్లో నేను చూసిన ఖరగ్‌పూర్‌లో పుణ్యం కావాలనేవాళ్ళూ సమానత్వం కావాలనేవాళ్ళూ ఇద్దరూ మంచివాళ్ళే. ఇద్దరికీ ఇవ్వడం వచ్చు, వదులుకోవడమే కష్టం. రైలు కదులుతుంటే బావ కిటికీ పట్టుకుని నాలుగడుగులు నడిచాడు.

"మీ అక్క లైను కరెక్టే" అన్నాడు సీరియస్‌గా. "అమలు సేసే పద్ధతే బాగోనేదు. ముందు నోటీసివ్వాల."