మా బాపమ్మ తుంటినొప్పి

నా చిన్నప్పుడు మా ఇంటి గడపలు మోకాలి ఎత్తున ఉండేవి. చొప్పదండి దగ్గర ఒక చిన్న ఊరు మాది. ఇంట్లో బాపు, నన్ను కన్న అవ్వ, బాపు తల్లి అయిన మా బాపమ్మ, కాపురానికి వచ్చి ఏడాదైనా కాని మా వదినె, నేను. అన్న ఆదిలాబాదులో పత్తి జిన్నింగు మిల్లులో పనికి కుదిరి, పండుగలకు మాత్రం వచ్చిపోయేవాడు.

కడుపుతో ఉన్న వదినెకు ఆరో నెల దాటాక నొప్పి మొదలైంది. కడుపులో కాదు. పొత్తికడుపు కింద, తొడలు కలిసే చోట, ఎముకలోనే నొప్పి. అక్కడినుంచి తుంటికీ నడుముకూ పాకేది. నీళ్ళ బిందె చంకనెత్తుకుని గడప దాటాలంటే క్షణమైనా ఒంటికాలి మీద నిలబడాలి కదా, ఆమె అక్కడే ఆగిపోయేది. దర్వాజా పట్టుకుని, కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి అడుగు వేసేది. పడుకున్నప్పుడు ఒక పక్కనుంచి ఇంకో పక్కకు తిరగాలన్నా పళ్ళు బిగించేది. ఆమె పక్కన పడుకునేదాన్ని కాబట్టి అది నాకు తెలుసు.

ఒకసారి అవ్వతో చెప్పుకుంది. అవ్వ నారు కట్టలు కడుతూ తలెత్తకుండానే, "కడుపుతోని ఉన్నంక నొయ్యదా మరి? నీ మొగడు కడుపుల ఉన్నప్పుడు నేను కనే దినం దాక నాటేసిన" అన్నది. అవ్వ చెడ్డ మనిషి కాదు. తనకు అట్లా జరిగింది కాబట్టి అందరికీ అట్లాగే జరుగుతుందని అనుకునేది. వదినె మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

కొద్దిరోజులకు బాపమ్మ కొట్టం దగ్గర జారిపడింది. పడడం ఎవరూ చూడలేదు. తుంటి పట్టుకుని వాడకట్టంతా వినబడేట్టు మూలిగితే, బాపు పరుగున వచ్చి ఎత్తుకెళ్ళి లోపలి అర్రలో మంచం మీద పడుకోబెట్టాడు. కట్టు కట్టే మనిషిని పిలుస్తానంటే ఆమె ఒప్పుకోలేదు. "గీ పిల్ల ఒక్కతి నా పక్కనుంటే సాలు. కాపడం వెట్టాలె, కాళ్లొత్తాలె. దీన్ని బాయికి, పొలానికి తోలకుండ్రి" అని వదినెను చూపించింది. తల్లి మాటకు బాపు ఎన్నడూ ఎదురు చెప్పలేదు. అవ్వ మొహం ముడుచుకుని, వదినె మోసే బిందెలు తనే మోయడం మొదలుపెట్టింది.

ఒక మధ్యాహ్నం నేను నీళ్ళ చెంబుతో అర్ర తలుపు తోశాను. మంచం మీద వదినె పక్కకు తిరిగి పడుకుని ఉంది. మోకాళ్ళ నడుమ మడతపెట్టిన బొంత ఉంది. తుంటి చుట్టూ పాత చీర ముక్క బిగించి కట్టి ఉంది. బాపమ్మ పీట మీద కూర్చుని, వేడి ఉప్పుమూటతో ఆమె నడుముకు కాపడం పెడుతోంది. అంతలో వాకిట్లో అవ్వ అడుగుల చప్పుడైంది. "అబ్బా, జర మెల్లగ ఒత్తు బిడ్డా" అని బాపమ్మ మూలిగింది. వదినె నవ్వు ఆపుకోలేక బొంతలో మొహం దాచుకుంది. ఆ నెలల్లో ఆమె నవ్వగా చూసింది అప్పుడే.

"నీకు నొప్పి లేదా బాపమ్మా?" అని గుసగుసగా అడిగాను.

"లేదు. నాకు నొస్తున్నదంటే మీ బాపు ఉరికొస్తడు. దీనికి నొస్తున్నదంటే ఎవలు రారు. అందుకే దీని నొప్పి నేను చెప్పుకుంటున్న. నువ్వు ఎవలకు చెప్పకు."

నేను చెప్పలేదు. మంచం దిగేటప్పుడు రెండు మోకాళ్ళూ కలిపే తిప్పాలనీ, గడప మీద కూర్చుని రెండు కాళ్ళూ ఒక్కసారే అవతలికి వేయాలనీ ఆమె వదినెకు నేర్పింది. నొప్పి పోలేదు గానీ ఓర్చుకునేంతకు దిగింది.

నెలలు నిండి, ఒకనాటి పొద్దున వదినెకు కాన్పు నొప్పులు వచ్చాయి. ఇంట్లో మేం ముగ్గురమే ఉన్నాం. బాపమ్మ నన్ను వదినె చెయ్యి పట్టుకోమని చెప్పి, చీర పైకి దోపుకుని మంత్రసాని ఇంటికి ఉరికింది. మంచం దిగలేదనుకున్న ముసలామె పరుగెత్తడం వీధంతా చూసింది. బావి దగ్గర అవ్వ కూడా చూసింది. అన్నాళ్ళూ అర్రలో మంచం మీద పడుకున్నది ఎవరో ఆమెకు అప్పుడు అర్థమైంది.

సాయంత్రానికి ఆడపిల్ల పుట్టింది. ఏడవలేదు. పేగు మెడకు చుట్టుకుందని మంత్రసాని ఎంత చెప్పినా ఎవరికీ వినబడలేదు. "దొంగ నొప్పులు వడి, కోడల్ని మంచంల పండవెట్టి, పిల్లను మింగింది" అని అవ్వ గుండెలు బాదుకుంది. వచ్చిన ఆడవాళ్ళు అవునన్నట్టు తలలూపారు. బాపు ఆ చిన్న మూటను చేతుల్లో పెట్టుకుని పొలం వైపు వెళ్ళాడు.

తర్వాత కూడా అవ్వ ఆ మాట ఆపలేదు. ఒకరోజు వాకిట్లో బియ్యం చెరుగుతూ మళ్ళీ మొదలుపెడితే, వదినె గోడ పట్టుకుని బయటికి వచ్చింది. అత్త ముందు ఆమె గొంతు ఎత్తడం నేనెప్పుడూ వినలేదు. అప్పుడు కూడా మెల్లగానే చెప్పింది.

"బాపమ్మను ఏమనకు అత్తమ్మా. మంత్రసాని చెప్పింది నువ్వు గూడ ఇన్నవ్. నాకు నొస్తున్నదంటే నమ్మింది గామె ఒక్కతే."

అవ్వ చేట కింద పెట్టింది. బాపమ్మ వైపు తిరిగి, "నాకు గూడ గక్కడ్నే నొచ్చేది. నీకు చెప్పిన. నన్నెందుకు నమ్మలే అత్తా?" అన్నది.

కొట్టం గోడకు ఆనుకుని కూర్చున్న బాపమ్మ ముడతల చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "నన్ను గూడ ఎవలు నమ్మలే బిడ్డా. అందరు గట్లనే మోస్తరనుకున్న. నిన్ను పొలానికి తోలిన" అన్నది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని కొంగులు నోటికడ్డం పెట్టుకున్నారు. వదినె వాళ్ళ మధ్య కూలబడింది. ఆ తర్వాత అవ్వ బాపమ్మను నిందించలేదు. అయినా బాపమ్మ మునుపటిలా కాలేదు. తరువాతి వానాకాలం చూడకుండానే పోయింది.

ఇప్పుడు నేనే ఇంట్లో పెద్దదాన్ని. కడుపుతో ఉన్న పిల్లలు నా దగ్గర కూర్చుని నొస్తున్నదంటే, అది మామూలేనన్న మాట నాకూ నోటిదాకా వస్తుంది. అప్పుడు వాకిట్లో ఒకచోట కూలబడ్డ ఆ ముగ్గురు ఆడవాళ్ళు కనిపిస్తారు. ఆ మాట మింగేసి, ఎక్కడ నొస్తున్నది బిడ్డా అని అడుగుతాను.