దేముడమ్మ అడ్డనార

గూడెం కొత్తవీధి పైన మా కొండవారలో అడ్డతీగ నారతో పేనిన తాడంటే దేముడమ్మ తాడే. ఆవిడ పేనిన పలుపు తెంచుకుని ఎద్దు పారిపోయిందని ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. అత్త నేర్పిన పని. అత్త పెట్టిన కట్టుబాటు కూడా ఒకటుంది: తీగకి ఒక పక్కే తొక్క ఒలవాలి, రెండో పక్క తీగకే వదిలెయ్యాలి. చుట్టూ ఒలిస్తే తిండి దిగక చచ్చిపోతుంది. మొగుడు పోయాక ఆ నార, ఆ ఆకుల విస్తళ్లే ఆవిడ ఇల్లు నడుపుతున్నాయి.

అలాంటిది, ఆ వేళ కాఫీ తోట పైకెక్కి చూసేసరికి, తొడంత లావు తీగకి చుట్టూ బెత్తెడు మేర తొక్క లేదు! కోత సాపుగా, గీత గీసినట్టుంది. మనవాళ్ల కత్తి కాదది.

అనుమానం ఒక్క మనిషి మీదకే పోయింది. పాచిపెంట నుంచి వచ్చి, పక్కింటి నిర్మల దగ్గర గది తీసుకున్న డాలీ. కాలేజీలో తీగల చదువట. ఏ మందుల కంపెనీ పంపిందో!

ఉప్పు అడిగే వంకతో దేముడమ్మ గదిలోకి దూరింది. కిటికీ కింద వరసగా సీసాలు. ఒక్కోదాన్లో మందునీళ్లలో మునిగి, పక్కతీగని అడ్డంగా కోసిన గుండ్రటి ముక్క.

"ఏటే గుంటా, నా తీగని ఊరగాయెట్టేసినావా?"

డాలీ లేచి నిలబడింది. "నేనే ఒలిచానత్తా. బతుకుతుందో లేదో చూద్దామని. అడివిది కదా అనుకున్నాను."

"అడివిదైతే అడగక్కర్లేదా? నిన్ను ఒలిసి సూత్తానుండు, బతుకుతావో లేదో!"

సీసాలన్నీ చెంగులో మూటగట్టుకుంది. "తీగ సిగురేత్తేనే ఇయ్యి నీకిత్తాను."

నెల్లాళ్లు ఇద్దరూ కలిసే కొండెక్కారు. డాలీని ముందు నడిపించి దేముడమ్మ వెనక నడిచేది. చేతులు కనబడాలి కదా.

ఆకు వాడలేదు. ఒలిచిన చోటుకి కింద చిగురు కూడా వచ్చింది. మాట ప్రకారం సీసాలు ఇచ్చేసింది గాని, అనుమానం రెట్టింపయింది.

"ఏటి మందు పూసినావు?"

"ఏమీ లేదత్తా." డాలీ ఒక ముక్క తీసి చూపించింది. ముదురు కొయ్యలో లేత రంగు మచ్చలు, పూరేకుల్లాగా. "చెట్లకి తిండి మోసే నార తొక్క కిందే ఉంటుంది. ఈ తీగ కొయ్య లోపల కూడా పెంచుకుంటుంది. బయటి దారి మూసినా లోపలి దారుల్లో దిగుతుంది."

సీసాలో ముక్కని నమ్మితే ఆవిడ దేముడమ్మ ఎందుకవుతుంది? తనే ఒక పక్కతీగ నరికి, లేత మచ్చలో సూది గుచ్చి లాగింది. పోగు వచ్చింది. వేళ్ల మధ్య పేనింది. తెగలేదు. నలభై ఏళ్లుగా చేతిలో ఆడుతున్న నారే!

"అయితే మా అత్త మాట తప్పా?"

"ఇంకో ఏడాది చూస్తేగాని చెప్పలేనత్తా."

దేముడమ్మ చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "ఈ సంగతి నిర్మలకి సెప్పేసినావా?"

"లేదు."

"సెప్పకు. సావదని తెలిత్తే ఊరూరంతా సుట్టూ ఒలిసేత్తారు. ఒక్కసారికి తట్టుకుంది, పదిమంది ఒలిత్తే తట్టుకుంటాదా? అప్పుడు నానేటి పేనాలి?"

"పరీక్షకి రాయాలత్తా."

"రాసుకో. మావోళ్లు కాయితం సదవరు. పక్కోళ్ల నోరైతే బేగి సదివేత్తారు."

వాగు గట్టు నుంచి ఎర్రమట్టి తెచ్చి, ఒలిచిన చోటు ఎవరి కంటా పడకుండా తొక్క రంగులో కలిసేలా మెత్తింది. మెత్తుతున్నంతసేపూ డాలీ ముఖంలోకి ఓరగా చూస్తూనే ఉంది.