కెమెరాకు రైఫిల్ నూనె

శుక్రవారం ఉదయం 6:40కి పామర్రు చేరాం. నాలుగు ట్రక్కులు, ఒక జీపు, రెండు రబ్బరు పడవలు, నలభై రెండు మంది. వాన ఆగి ఐదు గంటలైంది. రోడ్డుకు అటూ ఇటూ వరి చేలు ఉండాల్సిన చోట నీళ్లే ఉన్నాయి. గట్లు ఎక్కడున్నాయో తాటిచెట్ల వరుసను చూసి ఊహించుకోవాలి. మాకు ఒక ధాన్యం గోడౌన్‌లో బస ఇచ్చారు. పైన రేకులు, లోపలంతా తవుడు వాసన, మూలన తడవకుండా మిగిలిన బస్తాలు. రెండేళ్లు మంచులో కాపలా కాసి వచ్చిన మాకు అది రాజభోగంలా అనిపించింది.

ఈ డ్యూటీ సంగతి మా వీధిలో చాలామందికి తెలుసు. నేనే చెప్పాను. వరద సహాయానికి వెళ్లామనీ, మా డ్రైవర్ పడవలో కెమెరా పాడుచేశాడనీ, నేను విజయవాడ పరుగెత్తి బాగుచేయించుకొచ్చాననీ చెప్పి అందరినీ నవ్వించాను. అందులో ఒక ముక్క అబద్ధం. ఆ ముక్కను సరిచేయడానికే ఇది రాస్తున్నాను.

నేనప్పుడు హవల్దార్‌ని. దళంలో కృష్ణా జిల్లావాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి ఊళ్లవాళ్లతో మాట్లాడే పని నాకిచ్చారు. దాంతోపాటు ఫొటోలు తీసే పని కూడా. తెగిన కాలువ గట్టు, కూలిన గోడ, మునిగిన మగ్గం, ఏది కనిపిస్తే అది తీసి సాయంత్రానికల్లా జిల్లా అధికారులకు పంపాలి. డిజిటల్ ఎస్సెల్లార్ కెమెరాలు యూనిట్లకు అప్పుడప్పుడే వస్తున్నాయి. కెమెరా ఒకటి, లెన్సు ఒకటి, బ్యాటరీలు రెండు, మెమరీ కార్డు ఒకటి. రిజిస్టర్లో అన్నిటికీ ఎదురుగా నా సంతకం.

ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు ఆయుధాలు శుభ్రం చేసుకునే వేళ. యుద్ధమైనా వరదైనా అది మాత్రం ఆగదు. సుబేదార్ సాబ్ నడుం మీద చేతులు పెట్టుకుని వరుసల మధ్య తిరుగుతూ హిందీలో చెప్పేది ఒకటే మాట. "సంతకం పెట్టి తీసుకున్నది ప్రతిదీ మెరవాలి. కదిలేది ప్రతిదీ నూనె తాగాలి."

రైఫిల్ తుడిచాను. నూనె పెట్టాను. తర్వాత కెమెరా లెన్సు విప్పాను. లోపల చిన్న అద్దం. ఫొటో తీసినప్పుడల్లా అది టప్పున పైకి లేచి దిగుతుంది. మూడు రోజుల తేమకు ఆ చప్పుడు పొడిగా మారినట్టు తోచింది. కదిలేది ప్రతిదీ నూనె తాగాలి కదా. అద్దం కీలుకు ఒక చుక్క వేశాను. చప్పుడు మెత్తబడింది. ముచ్చటేసి ఇంకో చుక్క వేశాను.

సోమవారం 9:15కి పడవలో ఒక చేనేత ఊరికి వెళ్లాం. డ్రైవర్‌ది శ్రీకాకుళం వైపు. భుజం మీద ఒక పట్టీ ఉన్న లాన్స్ నాయక్. రోడ్డు లేనిచోట పడవ కూడా అతనే నడిపేవాడు. పాప పుట్టి మూడు నెలలైంది, ఇంకా చూడలేదు. గురువారం నుంచి పది రోజుల సెలవు మంజూరైంది. పలకరించిన ప్రతివాడికీ ఆ సంగతి చెప్పేవాడు.

పడవ ఒక అరుగుకు కొంచెం గట్టిగా తగిలింది. నేను దిగుతూ కెమెరా అతని చేతికిచ్చి, దిగాక తీసుకున్నాను. అంతే జరిగింది.

మగ్గం గుంట నిండా నీళ్లు. దారాలు రంగు వదిలి, ఆ నీళ్లు ఎర్రగా ఉన్నాయి. ఇంటి పెద్దాయన పక్కకు జరిగి, "నన్నొదిలెయ్యండి సార్, మగ్గం మొత్తం పడేట్టు తియ్యండి. పేర్లు రాసుకునేవాళ్లకి అదే కావాలంట," అన్నాడు. తీశాను. సగం ఫొటో నల్లగా వచ్చింది. మళ్లీ నొక్కాను. అద్దం లేచింది, దిగలేదు. కంటికి ఆనించుకుంటే చీకటి. పైన చిన్న తెరమీద 'ఎర్రర్' అన్న మాట.

కెమెరా ఆగిపోయిందని రేడియోలో చెబితే అవతల సుబేదార్ సాబ్ గొంతు. "కారణం చెప్పు. ఓవర్."

నా నోట్లోంచి సిద్ధంగా ఉన్నట్టే వచ్చేసింది. "పడవ తగిలింది సాబ్. అప్పుడు కెమెరా డ్రైవర్ చేతిలో ఉంది. ఓవర్."

రెండు వాక్యాలూ నిజమే. కలిపి చెబితే అబద్ధం.

"రేపు ఐదింటికల్లా కెమెరా పనిచేయాలి. లేకపోతే విచారణ. విచారణ అయ్యేదాకా డ్రైవర్‌కి సెలవు లేదు. ఓవర్ అండ్ అవుట్."

డ్రైవర్ తెడ్డు పట్టుకుని అంతా విన్నాడు. "నా సేతిలో సంటిపిల్లలా ఉన్నాది కదండీ," అన్నాడు.

మంగళవారం 8:20కి జీపులో బయల్దేరాం. ఉయ్యూరు దాటాక రోడ్డు పొడిగా ఉంది. అతను దారంతా పాటలు పాడుతూనే ఉన్నాడు. బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే హారన్ మీద చేయి పెట్టి, "నీళ్లే నయమండీ, అడ్డం ఒచ్చినోడు లేడు," అన్నాడు.

వన్ టౌన్‌లో జీపు పట్టే సందు కాదు. తోపుడుబళ్ల మధ్య నడిచి, బట్టల కొట్టు పైన మేడ మెట్లెక్కాం. 10:05. కెమెరాలు, గడియారాలు బాగుచేసే మస్తాన్ గారు కంటికి భూతద్దం బిగించుకుని కూర్చున్నారు. ఆయన వేళ్లు లావు. పట్టకారు పట్టుకుంటే మాత్రం సన్నబడినట్టు కనిపించేవి.

"కూర్చోండి సార్. మిలిట్రీవాళ్లు నెత్తి మీద నిలబడితే నా చెయ్యి వణుకుద్ది."

ముందు బ్యాటరీ మార్చారు. ఎర్రర్. కార్డు తీశారు. ఎర్రర్. లెన్సు విప్పి నొక్కారు. ఎర్రర్. "అయితే రోగం ఒంట్లోనే ఉంది," అన్నారు. అద్దం లేచే ఉంది కాబట్టి దాని వెనకున్న షట్టర్ రెక్కలు కనిపిస్తున్నాయి. దీపం దగ్గరికి లాగి చూశారు. సన్నటి కాగితం ముక్కను రెక్క అంచుకు తాకించి, ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

"దెబ్బ కాదండీ ఇది. నూనె. కీలు దగ్గర పోశారు, అద్దం లేచినప్పుడల్లా రెక్కల మీదికి చిమ్మింది. రెండు రెక్కలు అతుక్కుపోయినాయి. ఎవరండీ ఈ పుణ్యాత్ముడు?"

కాగితం నా ముందు పెట్టారు. డ్రైవర్ వంగి వాసన చూశాడు. రైఫిల్ నూనె వాసన తెలియని సిపాయి ఉండడు. తలెత్తి నా వైపు చూశాడు. నేను గోడ మీదున్న గడియారాలను చూశాను. పదకొండు గడియారాలు, పదకొండు టైములు.

"పడవలో నూనె డబ్బా ఉన్నాదండీ," అన్నాడు డ్రైవర్. "మూత ఒదులు. ఒలికీసింటాది."

మస్తాన్ గారు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. "ఒలికిన నూనె లెన్సు విప్పుకుని లోపలికి పోయి, సరిగ్గా కీలు మీదే కూర్చుందన్నమాట. తెలివైన నూనె!" అని పకపకా నవ్వారు. డ్రైవర్ కూడా నవ్వాడు. వాళ్ల వెనక నేనూ నవ్వాను. నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం నాకు మళ్లీ రాలేదు. చెప్పలేదు.

గడియారాలు కడిగే పెట్రోలులో కాగితం ముంచి, రెక్క తర్వాత రెక్క తుడిచారు. గంటన్నర పట్టింది. తర్వాత డ్రైవర్‌ను కిటికీ పక్కన నిలబెట్టి నాతో ఫొటో తీయించారు. మొదటిది పైసగం నల్లగా వచ్చింది. మళ్లీ తుడిచారు. రెండోది కొంచెం నయం. ఇంకోసారి తుడిచాక మూడోది నిండుగా వచ్చింది. ఆ తర్వాత వంద తీయించారు. డ్రైవర్ వందకూ వంద రకాలుగా మొహం పెట్టాడు. కింద కొట్టువాళ్లు కూడా మెట్లెక్కి వచ్చి చూశారు.

4:35కి గోడౌన్ చేరాం. సుబేదార్ సాబ్ మూడు సార్లు నొక్కి చూసి తలూపారు. గురువారం డ్రైవర్ సెలవు మీద వెళ్లిపోయాడు. శుక్రవారం నేను ఆ మగ్గాన్ని మళ్లీ తీశాను. గుంట, పలక, తెగిన దారాలు, అన్నీ పడ్డాయి. కానీ సోమవారం సుబేదార్ సాబ్ రిజిస్టర్లో ఎర్ర సిరాతో రాసిన 'డ్రైవర్ అజాగ్రత్త' అలాగే ఉంది. ఆ మాట వల్ల అతని రెండో పట్టీ ఏడాది వెనక్కి పోయింది. నా మూడు పట్టీలూ క్షేమంగా ఉన్నాయి.

పందొమ్మిదో రోజున వెనక్కి బయల్దేరాం. బెంజ్ సర్కిల్ దగ్గర ఎవరో ట్రక్కులోకి అరటి గెల అందించారు. అందరం చేతులూపాం.

ఈ మధ్యే అతని నంబరు సంపాదించి ఫోన్ చేశాను. నూనె నేనే పోశానని చెప్పాను. అవతల పెద్ద నవ్వు.

"ఆ వాసన నాకు తెల్దేటండీ? మీరే సెప్తారని సూసినాను. శానా లేటు సేసినారు."

"అందరికీ తెలిసేట్టు రాస్తాను," అన్నాను.

"రాసీండి. ఫొటోల్లో నా మొహం బాగా ఒచ్చినాదని కూడా రాయండి."

బాగానే వచ్చింది. ఆ రోజు తీసిన మొదటి మూడు ఫొటోలూ నా దగ్గర లేవు, కార్డు యూనిట్‌కే పోయింది. అయినా నాకు వరసగా కనిపిస్తూనే ఉంటాయి. మొదటిదాంట్లో నలుపు కింద నవ్వుతున్న నోరు మాత్రమే. రెండోదాంట్లో నలుపు పైకి జరిగి, మీసం, ముక్కు. మూడోదాంట్లో కళ్లు. నోరు అలాగే నవ్వుతోంది. కళ్లు మాత్రం సూటిగా నా వైపే చూస్తూ, నేను చెబుతానేమోనని ఆగి ఉన్నాయి.