తూర్పుకు తల పెట్టిన సమాధి

మెదక్‌లో మా నాన్న సమాధికి సిలువ రాయి పెట్టించాలని ఏళ్లుగా అనుకుంటూనే ఉన్నాను. ఆ ఊళ్లో ఒక చిన్న సంఘానికి ఆయన ముప్ఫై ఏళ్లు పాస్టరు. పోయింది కరోనా లాక్‌డౌన్‌లో. మట్టి వేయడానికి కూడా నేను రాలేకపోయాను. అంతకుముందు నుంచే ఆయన మీద నాకొక అలక ఉంది. సంఘానికి దొరికినంత నాన్న, ఇంట్లో నాకు దొరకలేదు.

శనివారం ఉదయం ఆరున్నరకు సికింద్రాబాద్ జూబ్లీ బస్టాండ్‌లో ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్. తూప్రాన్‌లో పది నిమిషాలు ఆపితే ఇడ్లీ తిన్నాను. చట్నీ ఉత్త నీళ్లే! అక్కడ ఎక్కిన ఒక రైతమ్మ నా పక్కన కూర్చుంది. "చర్చికాడికా అక్కా? మేం హిందువులమే గని, బిడ్డ పెండ్లి కుదిరినంక పోయి మొక్కొచ్చినం" అంది.

తొమ్మిదిన్నరకు మెదక్‌లో దిగి ముందు పెద్ద చర్చికే వెళ్లాను. చిన్నప్పుడు వందసార్లు చూసిందే. అయినా తలెత్తి మళ్లీ చూశాను. రంగు అద్దాల కిటికీలో ప్రభువు ఆకాశానికి ఎక్కిపోతున్నాడు. వెనక ఎండ తప్ప వేరే దీపం లేదు. "ఎట్ల పోయిండో గట్లనే మళ్ల వస్తడు బిడ్డా" అని నాన్న ఇక్కడే నిలబెట్టి చెప్పేవాడు. ఫొటో తీసుకోవడం కూడా మర్చిపోయాను.

పదకొండుకు సమాధుల తోట చేరాను. దాన్ని చూసుకునే సంఘపెద్ద యాకోబన్న గేటు దగ్గరే వందనాలు చెప్పి లోపలికి తీసుకెళ్లాడు. మా వాళ్లను తల పడమరకు, కాళ్లు తూర్పుకు ఉంచి పాతిపెడతారు. ప్రభువు తూర్పున వస్తాడని, ఆ రోజు చనిపోయినవాళ్లు సమాధుల్లోంచి లేవగానే ఆయన ముఖమే కనపడాలని నమ్మకం. అమ్మ సమాధి అలాగే ఉంది. వరుసలన్నీ అలాగే ఉన్నాయి. అన్నిటికీ ముందున్న నాన్న సమాధి ఒక్కటే తిరగబడి ఉంది, తల తూర్పుకు, కాళ్లు వరుసల వైపుకు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఏందన్నా గీ అన్యాయం? బతికినన్ని దినాలు రాకడ, రాకడ అని చెప్పిన మనిషిని ప్రభువుకు వీపు పెట్టి పండబెడతరా? ఇయ్యాల్నే తవ్వి సక్కగ చేయుండ్రి!"

యాకోబన్న కోప్పడలేదు. "జర కూసోమ్మా. నేను సుత గట్లనే కొట్లాడిన అయ్యగారితోటి. దవాఖానకు పోయే ముంగట నాతోని మాట తీసుకున్నడు. 'గొర్లను ముందట తోలి, కాపరి ఎనక నడుస్తడు యాకోబూ. రాకడ నాడు కడబూర మోగినప్పుడు మొదలు నేను మీ మొకాలు చూడాలె. ఎవరన్న లేవకుంటే లేపాలె. అందరు లేసినంకనే నేను ప్రభువు దిక్కు మళ్లుత' అన్నడు."

నేను వరుసల వైపు తిరిగి చూశాను.

"మీ అమ్మ పక్కన ఖాళీ జాగ సూడు" అన్నాడు యాకోబన్న. "ఎందరో అడిగిండ్రు, ఇయ్యలే. గది మా బిడ్డది, ఎవ్వరికియ్యకని అయ్యగారు చెప్పిండు."

వెళ్లి ఆ ఖాళీలో నిలబడ్డాను. సరిగ్గా ఎదురుగా నాన్న. అక్కడే కూలబడి ఏడ్చాను.

మూడు గంటలకు తిరుగు బస్సు ఎక్కాను. మావారు ఫోన్ చేసి రాయి సంగతి అడిగారు. "ఉన్న దిక్కునే పెట్టమన్నాను. నా చోటు కూడా చూసుకొచ్చాను" అన్నాను. "ఎండదెబ్బ తగిలిందా ఏం?" అని కంగారుపడ్డారు. నవ్వొచ్చింది.

మెదక్ వెళ్లేవారు చర్చికి ఉదయమే వెళ్లండి, కిటికీల అందం ఎండలోనే. నేను మాత్రం అంతకంటే గొప్పది చూసి వస్తున్నాను. ప్రభువు వచ్చిన దినాన, ఆయన్ను చూడకముందే మా నాన్న నా ముఖం వెతుకుతాడు.